బండ్ల మిస్త్రీ ఇంటి మోటరు

అందరి మోటర్లూ మోత పెట్టుకుంటూ, దుమ్ము లేపుకుంటూ వస్తాయి. మా మోటరును మాత్రం ఎడ్లు లాక్కొచ్చాయి. ముందు అడిగి తెచ్చుకున్న ఎడ్ల జత, వాటి కాడికి మోకు, మోకు చివర ఒక చిన్న లారీ, అందులో స్టీరింగు పట్టుకుని నా పెనిమిటి. ఒక చక్రం ఊడిపోకుండా, విరిగిన కాలికి కట్టినట్టు వెదురు బద్దలు పెట్టి తాళ్లు చుట్టారు. నిజామాబాదు బజారు మధ్యలోంచి ఆ ఊరేగింపు మా వాకిట్లోకి వచ్చేసరికి సగం ఊరు వెనకే ఉంది.

"ఇది పెట్రోలు తాగుతదా, కుడితి తాగుతదా?" అని మా ఎదురింటాయన అడిగాడు. అందరూ నవ్వారు.

నాకు చిన్నప్పటి నుంచీ నోరు ఆగదు. "కుడితి తాగదు, నువ్వు తాగే కల్లు తాగుతది. ఓ ముంత పంపు!" అన్నాను గడపలో నిలబడి. కొత్త కోడలు ఇట్లా మాట్లాడవచ్చునా అని ఆడవాళ్లు చెవులు కొరుక్కున్నారు. కొరుక్కుంటే కొరుక్కున్నారు. ఆ మోటరును తెమ్మన్నదే నేను.

ఆ లారీ నా పెనిమిటికి కొత్తది కాదు. కాలువల పని జరిగినన్నాళ్లు ఒక గుత్తేదారు దగ్గర దాన్ని ఆయనే నడిపాడు. సున్నం, రాయి, కూలీల సామాను, అన్నీ మోశాడు. పని అయిపోయింది, గుత్తేదారు వేరే ఊరికి పోయాడు, లారీ మాత్రం ఇక్కడి గుత్తేదారు పాత ఇంటి పెరట్లో వానలకు నానుతూ పడి ఉంది. కోళ్లు అందులో గుడ్లు పెట్టేవి. "కావాల్నంటే తీస్కపో, నాకు జాగ ఖాళీ ఐతది" అన్నాడట ఆ గుత్తేదారు. పని పోయినాక నా పెనిమిటి మా మామ దగ్గర చేరాడు. మా మామ ఎడ్లబండ్లు చేసే మిస్త్రీ. ఆయన చేసిన చక్రం ఇటు జక్రాన్‌పల్లి దాకా, అటు ధర్పల్లి దాకా తిరిగేది. కానీ కొడుకు చేతికి మాత్రం ఉలి కుదరలేదు. ఒకటి చెక్కమంటే ఇంకొకటి చెక్కేవాడు, మామ తిట్టేవాడు, ఈయన మూతి ముడిచేవాడు. రోజూ ఇదే లొల్లి.

ఆ సమయంలోనే బొంబాయి నుంచి మా బావ, అంటే నా పెనిమిటి అన్న, కబురు పంపాడు. మిల్లులో ఒక జాగా ఉంది, దీపావళి వెళ్లినాక మనవాళ్లు కొందరు వస్తున్నారు, వాళ్లతో మన్మాడు రైలుబండెక్కి వచ్చెయ్ అని. మామ సరే అన్నాడు. నా పెనిమిటి కాదనలేదు. ఇల్లంతా అది అయిపోయిన మాటే అనుకుంది.

నాకు మాత్రం అది మింగుడుపడలేదు. నేను పరికిణీ కట్టే వయసులో మా బాపు బొంబాయి పోయాడు. మొదట ఏటికోసారి వచ్చేవాడు, చేతిలో మిఠాయి పొట్లంతో. తరువాత మనిషికి బదులు కబురు వచ్చేది. తరువాత కబురు కూడా రాలేదు. మా అవ్వ, అంటే మా అమ్మ, బొట్టు పెట్టుకోవాలో, తీసెయ్యాలో తెలియక నిలబడ్డ పొద్దులు నేను చూశాను. మిల్లుకు పోయిన ప్రతివాడూ అట్లా అవుతాడని కాదు. కానీ నేను మా అవ్వలాగా స్టేషను దిక్కు చూస్తూ బతకనని నిశ్చయించుకున్నాను. అందుకే ఒక రోజు అన్నాను, "నీకు ఉలి రాదు, మోటరు వస్తది. వచ్చిన పని ఇడిసిపెట్టి రాని పని కోసం రైలెక్కుతవా?"

ఆయన మరుసటి వారం బోధన్ పోయి వచ్చాడు. అక్కడ కొత్తగా చెక్కెర కార్ఖానా లేచింది, చుట్టూరా చెరుకు నాటుతున్నారు. తోటల నుంచి చెరుకు తోలించే గుత్తేదారుతో మాట్లాడి వచ్చాడు. గానుగ సీజను మొదలైనప్పుడు నిండా చెరుకుతో లారీ తన కాళ్ల మీద తాను కార్ఖానా యార్డులోకి వస్తే, సీజనంతా పని ఇస్తానన్నాడట. మధ్యలో ఆగిపోయే మోటరు మాత్రం తనకు వద్దన్నాడట. అంటే మాకు ఉన్నది ఆ ఒక్క గడువే. లారీ కదిలితే ఈయన ఉంటాడు, కదలకపోతే మన్మాడు బండి.

ఆ మాట మీదే ఎడ్లు కట్టి లారీని తెచ్చుకున్నాము. ఇక చూడండి మా వాకిలి! పగలంతా బండ్ల పని. పొద్దు వాలి మామ పనిముట్లు కడిగి లోపల పెట్టాక, దీపం పెట్టే వేళ దాకా మోటరు పని. నా పెనిమిటి ఇంజన్ విప్పి ముక్క ముక్కా గోనె మీద పేర్చాడు. పెట్రోలు వచ్చే గొట్టంలో కందిరీగలు మట్టి గూడు కట్టుకున్నాయి. తీగ పెట్టి పొడిస్తే మట్టి, పురుగులు, ఇంకా మట్టి. నిప్పురవ్వ పుట్టించే కట్టె డబ్బాలు చెమ్మగిల్లి ఉబ్బాయి. వాటిని నా వంటింట్లో పొయ్యి పక్కన ఆరబెట్టాము. అన్నం వండుతుంటే అవి నా మోకాళ్ల దగ్గరే ఉండేవి. ఒకసారి పప్పు పొంగి వాటి మీద పడబోతే, చెయ్యి కాలినా సరే అని గిన్నె ఇటు లాగేశాను.

మామ మొదట మోటరు వైపు తిరిగి కూడా చూడలేదు. "దయ్యపు బండి. గడ్డి తినదు, పేడ వెయ్యదు. ఏం ఫాయిదా?" అనేవాడు. కానీ ఆ లారీ చక్రాలు కట్టెవి. మధ్యలో కుంభం, దాని చుట్టూ ఆకులు, అంటే మన బండి చక్రానికి ఉన్నట్టే సన్నని కట్టె కడ్డీలు, పైన ఇనుప చట్రం, దాని మీద రబ్బరు. ఆ ఆకులు చెద తిని బొరియలు పడ్డాయి. ఒక సాయంత్రం మామ నీళ్లకు పోతూ ఆగాడు. ఒక ఆకును గోరుతో గీకాడు. చెంబు కింద పెట్టాడు.

"ఏ అడ్డగాడిద చేసిండురా గీ చక్రం? కట్టె ఈనె ఎటున్నదో సుత సూడలె!" అన్నాడు.

"దేశం కాని దేశంల చేసిండ్రు బాపూ."

"ఏ దేశమైతే ఏంది? చక్రం చక్రమే."

అంతే, ఆయన్ను ఇక ఆపేవాళ్లు లేరు. అటక మీద ఏళ్ల తరబడి ఆరిన తుమ్మ మొద్దులు ఉన్నాయి. ఎవరు అడిగినా ఇవ్వనివి. అవి దింపాడు. ఒక్కో ఆకు చెక్కి, చెవి దగ్గర పెట్టుకుని వేలితో కొట్టి, మోత నచ్చకపోతే పక్కన పారేసేవాడు. పారేసినవి నేను పొయ్యిలో పెట్టేదాన్ని. నాలుగు చక్రాలకూ కొత్త ఆకులు పడ్డాయి. వెనక తొట్టికి కొత్త పలకలు పడ్డాయి. ముందు సీటు నేను కుట్టాను. గోనె సంచిలో కొబ్బరి పీచు, పైన మా పాత బొంతలోని దూది, దాని మీద మందపాటి బట్ట. ఇప్పుడు కార్లలో సీట్లు చూస్తాను, మెత్తగానే ఉంటాయి. నా సీటు అంత గట్టిగా, అంత చక్కగా ఒక్కటీ లేదు. చెప్పుకోవడానికి నాకేం సిగ్గు?

మా వాళ్లకు అమావాస్య నాడు పని లేదు. ఆ రోజు ఉలి, బాడిస, రంపం కడిగి, బొట్టుపెట్టి, ఒక పీట మీద పెడతారు. వాటిని ముట్టుకోరు. మాకు రోజంతా ఖాళీ దొరికేది ఆ ఒక్క రోజే, ఆ రోజే పనిముట్టు ముట్టకూడదు. నా పెనిమిటి నెత్తి పట్టుకున్నాడు. అప్పుడు మామ తీరిగ్గా సున్నం రాసుకుని, తమలపాకు నోట్లో పెట్టుకుని అన్నాడు.

"ఉలి ముట్టద్దు. బాడిస ముట్టద్దు. పానా మన తాతలు పట్టిన పనిముట్టా?"

"కాదు."

"మరి దానికి అమాస ఏడిది? పట్టు."

నేను నవ్వలేక చచ్చాను. ఆ తరువాత ప్రతి అమావాస్యా మాకు మోటరు పండుగే. కట్టె పని బందు, పానాతో తిప్పే పనంతా హలాలు. రేడియేటరు ఇత్తడిది, లోపల సున్నం పట్టి నీళ్లు దిగేవి కావు. చింతపండు పులుసు మరగబెట్టి దాంట్లో పోశాను. నల్లని నీళ్లు బయటికి వచ్చాయి. మళ్లీ పోశాను. చివరికి పోసిన నీళ్లు పోసినట్టే కిందికి దిగాయి. పైన కూడా చింతపండుతోనే తోమితే బిందెలాగా మెరిసింది. బాటలో పోయేవాళ్లు ఆగి మొహం చూసుకునేవాళ్లు. కుడితి అడిగిన ఎదురింటాయన కూడా చూసుకున్నాడు, నేను చూశాను.

ఇంజన్ బిగించాక దాన్ని లేపాలి. ముందు వైపు ఇనుప హ్యాండిలు పెట్టి తిప్పాలి. నా పెనిమిటి మొదటి రోజు తిప్పితే అది ఎదురు తన్నింది. మణికట్టు వాచి బోడకాకరకాయంత అయింది. కుడి చెయ్యి పట్టీలో పెట్టుకుని ఆయన కూలబడ్డాడు. మామకు నడుము వంగదు. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటున్నారు. నేను కొంగు నడుముకు దోపాను.

"వద్దు, చెయ్యి ఇర్గుతది" అన్నాడు.

"రోట్లె జొన్నలు దంచే చెయ్యి ఇది. ఎట్ల పట్టాల్నో చెప్పు, సాలు."

చెప్పాడు. బొటనవేలు పిడికి అవతలి వైపు పోకూడదు, మిగతా వేళ్ల పక్కనే ఉండాలి. పై నుంచి కిందికి నొక్కకూడదు, కింది నుంచి పైకి ఒక్కసారి గుంజాలి. అది ఎదురు తన్నినా చెయ్యి జారిపోతుంది తప్ప విరగదు. ఆయన లోపల కూర్చుని ఎడమ చేత్తో మీటలు సర్దాడు. నేను గుంజాను. దగ్గింది. మళ్లీ గుంజాను. దగ్గింది, ఆగింది. చెమట కంట్లో పడింది. "ఇగ నువ్వో నేనో తేలాలె!" అని తిట్టి గుంజాను. డబడబమని వాకిలంతా అదిరింది. చూరు మీది పిట్టలు లేచిపోయాయి, పక్కింటి మేక తాడు తెంపుకుంది. నేను దాని ముందే నిలబడి ఉన్నాను, పొగ మొహం మీదికి వస్తున్నా కదల్లేదు. ఆ వీధిలో మోటరు లేపిన ఆడది నేనొక్కదాన్నే. ఇప్పటికీ అది తలుచుకుంటే నా వీపు నిటారు అవుతుంది.

దీపావళి దగ్గరికొచ్చింది. ఒక పొద్దున లారీని బోధన్ బాటలో ఎడపల్లి దాకా నడిపి చూద్దామని బయలుదేరారు తండ్రీకొడుకులు. చక్రాలకు డబ్బా గ్రీజు వెయ్యాలని నా పెనిమిటి ముందే అన్నాడు. మామ ఒప్పుకోలేదు. "నా కందెన ఉండంగ దుకాణపు చమురు దేనికిరా?" అన్నాడు. కందెన అంటే తెలుసు కదా, వరిగడ్డి కాల్చిన మసిలో ఆముదం కలిపి నూరింది. మా ఊళ్లో ఏ బండి ఇరుసైనా దాంతోనే తిరిగేది. మామ తన జీవితంలో చక్రానికి ఇంకొకటి రాయలేదు. తానే స్వయంగా నాలుగు కుంభాలలోనూ దట్టించాడు.

మధ్యాహ్నం కాకముందే కాలినడకన తిరిగి వచ్చారు. ఇద్దరి మొహాలూ చూడలేకపోయాను. జానకంపేట దాటకముందే ముందు చక్రం మూలిగిందట. తరువాత పొగ. చెయ్యి పెడితే కాలిందట. లారీని బాట పక్కన వదిలేసి వచ్చారు.

"ఇగ సాలు. ఇది తుక్కు. పొయ్యేటోళ్లతోని నేనూ మన్మాడు బండెక్కుత" అన్నాడు నా పెనిమిటి. లోపలికి పోయి దండెం మీది తన బట్టలు తీసి ఒక దగ్గర పెట్టుకున్నాడు. నేను వంటింట్లో నిలబడి అది చూశాను. అరిచానా, లేదు. నా నోరు అంత అవసరం ఉన్నప్పుడు పెగలలేదు.

మామ అరుగు మీద కూర్చోలేదు. అన్నం తినలేదు. పానా తీసుకుని, ఎవరికీ చెప్పకుండా మళ్లీ జానకంపేట బాట పట్టాడు. సాయంత్రం తిరిగి వచ్చాడు, ధోతి చెరగులో చక్రం లోపలి ఇనుప గుండ్లు మూటకట్టుకుని. గోళీల్లాంటివి, వాటి మీదే చక్రం తిరుగుతుంది. వాటిని దీపాల గ్యాసునూనెలో కడిగి నా అరచేతిలో పోశాడు. "పట్టి సూడు బిడ్డా" అన్నాడు. వేళ్లతో తిప్పాను. నున్నగా ఉండాల్సినవి గరగరమన్నాయి. కందెనలోని మసి వాటిని గీరేసింది. ఇరుసు మీద కట్టె తిరిగేచోట ఆ మసే మందు. ఇనుప గుండ్లు దొర్లేచోట అదే ఇసుక.

మామ కొడుకు ముందు పోయి నిలబడ్డాడు. నేను ఆ ఇంట్లో అడుగు పెట్టినప్పటి నుంచీ ఆయన నోట వినని మాట విన్నాను.

"మసి నాది. తప్పు నాది. నీ బండి మంచిది, నువ్వు కట్టిన ఇంజన్ మంచిది. ఈ ముసలోని మొండితనం సూసి నువ్ బొంబాయి పోకురా."

నా పెనిమిటి తల ఎత్తకుండానే, "గ్రీజు డబ్బా తెస్త" అన్నాడు. బట్టలు మాత్రం తిరిగి దండెం మీద వెయ్యలేదు. నేను వేద్దామనుకుని చెయ్యి పెట్టి, వెనక్కి తీసుకున్నాను. వాటిని ఆయనే వెయ్యాలి.

గుండ్లలో మరీ గీరుకుపోయినవి మార్చారు, మిగతావి నునుపు చేశారు, బాట పక్కనే నాలుగు కుంభాలూ తుడిచి డబ్బా గ్రీజు పెట్టి లారీని ఇంటికి తెచ్చారు. బొంబాయి పోయేవాళ్లు రెండు రోజుల్లో బయలుదేరుతారనగా చెరుకు కొట్టడం మొదలైందని కబురొచ్చింది. తెల్లారగట్ల బయలుదేరాము. నేనూ ఎక్కాను. "నువ్వెందుకు?" అన్నాడు ఆయన. "బండి ఆగితే ఎవ్వలు లేపుతరు? నీ మణికట్టు ఇంక వాపు దిగలె" అన్నాను.

వర్ని బాటలో ఒక తోట దగ్గర చెరుకు ఎత్తారు. తొట్టి పలకల పైకి, ఇంకా పైకి, తాళ్లు బిగించి కట్టేదాకా. లారీ కొంచెం కుంగింది. బయలుదేరేటప్పుడు చక్రాలు ఒక్కసారి కిర్రుమన్నాయి, నేను వంగి కిందికి చూశాను. కానీ కదిలింది. తోట దాకా వెనక తొట్టిలో వచ్చిన మామ, చెరుకు ఎత్తాక ఎక్కలేదు. లారీని నెమ్మదిగా పోనిమ్మని పక్కనే నడిచాడు. కాలువ వంతెన మీదికి ఎత్తు ఎక్కాలి. బరువుకు ఇంజన్ గొంతు మారింది, రేడియేటరు మూత దగ్గర ఆవిరి లేచింది. ఎత్తు దాటి ఆపగానే మామ వంగలేని నడుమును వంచి ఒక్కో కుంభం మీద అరచెయ్యి పెట్టి చూశాడు. నాలుగూ చూసి లేచాడు.

"సల్లగున్నయ్. పోనియ్!" అన్నాడు. ఆ కేక కాలువ అవతలి పొలాల్లోని కైకిలి కూలీలకు కూడా వినపడి ఉంటుంది. నేను కాలువ నీళ్లు తెచ్చి రేడియేటరులో పోశాను, హ్యాండిలు గుంజాను. ఒకే గుంజుకు లేచింది. మామను పట్టి లాగి సీటు మీద కూర్చోబెట్టాను. మోటరు ఎక్కడం ఆయనకు ఇష్టం లేదు కానీ దిగమంటే దిగేలా కూడా లేడు.

బోధన్ యార్డు ముందు చెరుకు బండ్లు వరుసగా కనుచూపు మేర ఉన్నాయి. మేము వస్తుంటే బండ్ల మీది వాళ్లు లేచి నిలబడి చూశారు. ముందు కూర్చున్నది ఆడమనిషి అని ఒకళ్లకొకళ్లు చూపించుకున్నారు. చూడనీ. నేను కొంగు సర్దుకుని ఇంకా నిటారుగా కూర్చున్నాను. గుత్తేదారు వచ్చి లారీ చుట్టూ తిరిగాడు. వంగి చక్రాల ఆకుల మీద చెయ్యి వేశాడు.

"ఇవి ఎక్కడియి? బొంబాయివా?"

"నావి" అన్నాడు మామ. ఒక రాజు తన ఊరి పేరు చెప్పినట్టు చెప్పాడు.

గుత్తేదారు నవ్వి, తెల్లారి మళ్లీ అదే తోటకు రమ్మన్నాడు. కూలీలు చెరుకు దింపుతున్నారు. నా పెనిమిటి నా దగ్గరికి వచ్చాడు, మొహమంతా దుమ్ము, మీసాల మీద చెరుకు పొట్టు. బొంబాయి కబురు వచ్చిన నాటి నుంచీ ఆయన మాటలన్నీ 'నేను పోయినంక' అనే మొదలయ్యేవి. 'పోయినంక బాపును మంచిగ సూస్కో', 'పోయినంక ఇంటి ముందట తలుపు ఏస్కో' అని. ఆ మాటలు విని విని నా చెవులు కాయలు కాశాయి.

"రేపు సద్ది జర పొద్దుగాలనే గట్టు. ముగ్గురికి" అన్నాడు.

అన్ని ఎడ్ల మధ్య, అంత మంది మగవాళ్ల మధ్య, కొంగు అడ్డం పెట్టుకోవాలని కూడా తోచక అట్లాగే నిలబడి ఏడ్చాను. ఆయన కంగారుపడ్డాడు. "ఏమైందే?" అన్నాడు.

"ఏం గాలె. ముగ్గురికి కడ్త. ఇంటికి పోంగనే ఆ బట్టలు దండెం మీదెయ్ ముందుగాల!" అన్నాను.